చర్చ: వేట సఫారీలో బండి మీద నుంచి కాల్చడాన్ని పూర్తిగా నిషేధించాలా?

అడవిబాట:
సూటిగా అడుగుతున్నాను. ఆఫ్రికాలో డబ్బు కట్టి వేటకు వెళ్లినవాడు బండి దిగకుండానే తుపాకీ పేలిస్తే దాన్ని వేట అనవచ్చా? అనకూడదనే నా వాదన. 1909లో వేట కోసం కెన్యా రేవు మొంబాసాలో దిగిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్ట్, చంపిన జంతువుల తోళ్లు చెడిపోకుండా 4 టన్నుల ఉప్పు వెంట తెచ్చుకున్నాడు. అలాంటి బరువులు అప్పట్లో చాలావరకు కూలీల నెత్తి మీదే నడిచాయి. 1920లలో కార్లు వచ్చాయి. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో కార్లలోంచే సింహాలను కాల్చి పడేస్తుంటే, స్వయంగా వృత్తి వేటగాడైన డెనిస్ ఫించ్ హాటన్ లండన్ పత్రికలో ధ్వజమెత్తాడు. వేటగాళ్లే సిగ్గుపడిన పద్ధతి ఇది. ఏ మినహాయింపూ లేకుండా నిషేధించాలి.

దారెస్సలాం రఘు:
బండి మీద నుంచి కాల్చడాన్ని నేనూ సమర్థించను. కానీ బండినే దోషిగా నిలబెట్టకండి. టాంజానియాలో డబ్బు కట్టి వేటాడనిచ్చే అడవి సెలూస్ గేమ్ రిజర్వ్‌నే తీసుకోండి. 2019లో అందులో పెద్ద భాగం న్యెరెరె జాతీయ పార్కు అయ్యేదాకా దాని విస్తీర్ణం దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి కాస్త తక్కువ. అంత అడవిని కాళ్లతో గాలించగలరా?

ఈ పనికి ఎక్కువగా వాడేది టయోటా ల్యాండ్ క్రూజర్ పికప్. 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల పాత డీజిల్ ఇంజనులో ఎలక్ట్రానిక్స్ దాదాపు ఉండవు కాబట్టి, పానాలుంటే అడవిలోనే విప్పి బిగించుకోవచ్చు. వెనుక ఎత్తయిన బెంచీ, ముందు దిగబడిన బండిని లాగే వించి, ముళ్లకు టైర్లు నిలవవు కనుక రెండు స్టెప్నీలు. తెల్లవారుజామున బండి మట్టిదారిలో మెల్లగా సాగుతుంటే, రాత్రి దారి దాటిన అడవిదున్నల అడుగుల కోసం ట్రాకరు, అంటే జాడ పట్టే మనిషి, వెనుక నిలబడి చూస్తుంటాడు. కనిపించగానే అరచేత్తో క్యాబిన్ మీద తడతాడు. ఇంజను ఆగుతుంది, అందరూ దిగుతారు. పేడను తాకి వేడి చూస్తారు. చిన్న సంచిలోని బూడిద దులిపి గాలివాటం చూస్తారు. అక్కడి నుంచి నడకే, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా. గాయపడిన దున్న పొదల్లో దూరితే దాని వెనక వెళ్లేదీ కాలినడకనే. మాంసం ఊరికి చేర్చాలన్నా, దెబ్బతిన్న మనిషిని విమానం దిగే చోటికి తీసుకెళ్లాలన్నా మళ్లీ ఆ బండే దిక్కు.

గోదారిగట్టు:
రఘు గారూ, మీరు చెప్పినదాంట్లో జాడ పట్టింది ఎవరు? ట్రాకరు. ఫొటోలో మాత్రం చచ్చిన జంతువు వెనుక డబ్బు కట్టినవాడు, పక్కన అతన్ని వేటకు నడిపించే ప్రొఫెషనల్ హంటర్. 2013లో ఫ్రాన్సు గుహల్లోని మంచుయుగపు పాదముద్రలను చదవడానికి పరిశోధకులు నమీబియా నుంచి వేట మీద బతికిన శాన్ తెగకు చెందిన ముగ్గురు ట్రాకర్లను పిలిపించారు. అంతటి విద్య అది! వేట బండిలో ఆ విద్య ఉన్న మనిషికి సీటు బెల్టు కూడా ఉండదు, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉంటుంది. సంపాదన చాలావరకు అతిథి చేతికి వచ్చినంత ఇచ్చే టిప్పు మీదే ఆధారపడుతుంది. బండి నియమాల గురించి మాట్లాడేటప్పుడు ఇది పక్కకు పోకూడదు.

అడవిబాట:
మీ మాట నా వాదనకే బలం. బండి మీద నుంచే కాల్చేస్తే ఆ విద్యకు పనే లేదు. పైగా పర్యాటకుల జీపులకు అలవాటు పడిన సింహం బండిని చూసి పారిపోదు. ఆ నమ్మకాన్ని ఎరగా వాడుకోవడం నీచం.

దారెస్సలాం రఘు:
నీచమే. అయినా ‘ఏ మినహాయింపూ వద్దు’ అంటే ఒప్పుకోను. దక్షిణాఫ్రికా 2007 నిబంధనలు రక్షిత జాతులను వాహనం మీద నుంచి వేటాడకూడదంటూనే వికలాంగులకు, వృద్ధులకు వెసులుబాటు ఇచ్చాయి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని దిగి నడవమంటారా?

అడవిబాట:
అననండీ. వేటాడటం ఎవరి హక్కూ కాదంటాను. ఆ వెసులుబాటు ఇస్తే రేపు మోకాలి నొప్పి ఉన్న ప్రతి అతిథీ అదే అడుగుతాడు.

గోదారిగట్టు:
మినహాయింపు ఉన్నా లేకపోయినా అమలు చేసేది ఎవరు? వేట నియమాలు చూడటానికి ప్రభుత్వం పంపే ఉద్యోగి, గేమ్ స్కౌట్, వేట సంస్థ బండిలోనే తిరుగుతాడు, దాని శిబిరంలోనే తింటాడు. అతిథి బండి మీద నుంచి కాలిస్తే అదే బండిలో కూర్చుని ఫిర్యాదు రాయాలి. ముందు అతనికి వేరే బండి, వేరే భోజనం ప్రభుత్వమే ఇవ్వాలి. రఘు గారూ, టాంజానియాలో ఇది సాధ్యమేనా?