మరుగుజ్జు కుందేళ్లలో హార్మోన్ పరీక్షకు అర్థం ఉందా?

అందరికీ నమస్కారమండీ. అమలాపురం వైపు నెదర్లాండ్ డ్వార్ఫ్ అనే మరుగుజ్జు జాతి కుందేళ్లు పెంచుతున్నాం. పొట్టి తల్లికి పొట్టి మగదాన్ని కట్టిస్తే సగటున నాలుగో వంతు పిల్లలు తల ఉబ్బి, చెవులు చిన్నవై, వెనక కాళ్లు సన్నగా పుట్టి కొద్ది రోజుల్లోనే పోతున్నాయి. పాలు తాగించినా బతకవు పాపం.

దీనికి మూలం హెచ్‌ఎమ్‌జీఏ2 జన్యువులో సుమారు 12.1 కిలోబేసుల (అంటే దాదాపు 12,100 డీఎన్‌ఏ అక్షరాల) ముక్క పోవడమని 2017లో తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ జన్యువు ప్రతుల్లో ఒకటి పోతే పొట్టితనం, రెండూ పోతే చావు. పొట్టిదాన్ని అదే జాతిలోని మామూలు సైజుదానితో కలిపితే ఈ పిల్లలు పుట్టవు, సగం పొట్టివే వస్తాయి. అందుకే ఇకపై అలాగే జత కడతాం.

సందేహం హార్మోన్ల గురించి. ఇదే జన్యువు దెబ్బతిన్న పిగ్మీ ఎలుకల్లో పొట్టితనానికి గ్రోత్ హార్మోన్ లోపం కారణం కాదు. మరి బతికిన పొట్టి కుందేళ్లలో ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ప్రభావంతో తయారై ఎదుగుదలను నడిపే హార్మోన్), థైరాయిడ్ చూడటం దండగేనా? కిలో లోపు జంతువు, ఒకసారికి 5 మిల్లీలీటర్లకు మించి రక్తం తీయడం మాకిష్టం లేదు. జన్యు పరీక్షకు వెంట్రుకల కుదుళ్లు సరిపోతాయా? గన్నవరం పశువైద్య కళాశాలలో గానీ, దగ్గర్లో మరెక్కడైనా గానీ చేస్తారేమో తెలిసినవారు చెప్పండి.