అప్‌డేట్: పాత పెట్రోల్ తీశాక లాన్ మోవర్ స్టార్టయింది

ఆరు నెలలు వాడని ఫోర్ స్ట్రోక్ లాన్ మోవర్ (గడ్డి కోసే మెషిన్) తాడు ఎంత లాగినా స్టార్ట్ కావట్లేదని అడిగాను కదా, పని అయింది. అందరికీ థాంక్స్.

ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోల్ పోస్తే చాలలేదు. కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) కింది గిన్నె విప్పమన్న సలహానే పనిచేసింది. స్పార్క్ ప్లగ్ వైరు పీకి, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) కట్టేసి, గిన్నె కింది 10 ఎంఎం బోల్టు తీస్తే అడుగున నీళ్లు, పసుపు జిగురు! ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమ పీలుస్తుంది, నిల్వ ఉంటే ఇంతే. మెయిన్ జెట్, అంటే పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం, పూర్తిగా మూసుకుపోయింది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, సన్నటి రాగి వైరు పోగుతో తెరిచాను. ఇనుప తీగ మాత్రం పెట్టకండి, రంధ్రం పెద్దదైపోతుంది. గిన్నె రబ్బరు రింగు ఉబ్బింది, కొత్తది వేశాను. మూడో లాగుకే ఇంజిన్ అందుకుంది.

కొత్త ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ వేయడం అనవసరమైంది. పాతవి బాగానే ఉన్నాయి.