అప్‌డేట్: బ్రౌన్ నిఘంటువుకు ఏ సంవత్సరం వేయాలి?

సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ఇంటర్నెట్‌లో చూసి వాడుకున్నప్పుడు ఉపయుక్త గ్రంథసూచిలో మొదటి కూర్పు వెలువడిన 1852 అని రాయాలా, 1903 అని రాయాలా అని ఇంతకుముందు అడిగాను. మా పర్యవేక్షకురాలితో చర్చించాక 1903 వేశాను. షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైట్‌లో ఉన్నది, 1884లో బ్రౌన్ మరణించిన తరువాత ఇతరులు సవరించగా 1903లో మద్రాసులో వెలువడిన రెండవ కూర్పు కనుక, అందులోని ప్రతి అర్థమూ 1852 నాటిదేనని చెప్పడానికి వీల్లేదు. సైట్ పేరు, చూసిన తేదీ కూడా చేర్చాను.

వికీపీడియాను మూలంగా చూపవచ్చా అన్న సంగతికి వస్తే, వ్యాసం అడుగున ఇచ్చిన మూలాన్ని తెరిచి చదివి, పుట సంఖ్యతో దానినే ఉటంకిస్తున్నాను. ఒకే వాక్యం అక్షరం మారకుండా నాలుగు సైట్లలో కనిపిస్తే దానిని ఒక్క సాక్ష్యంగానే లెక్కిస్తున్నాను.