చెస్ ఆటల్ని కుదించి దాచాలా, పీజీఎన్‌లోనే ఉంచాలా?

కావలి గుర్రం: మా క్లబ్బు పిల్లల పాత స్కోరు షీట్లు, దాదాపు 3000 ఆటలు, కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నా. పీజీఎన్‌లో (ఎత్తుల్ని మామూలు అక్షరాల్లో రాసే ఫైలు పద్ధతి) ఎత్తుకి నాలుగైదు బైట్లు పోతున్నాయి. ఒక్క బైటు చాలుగా! ఏ స్థితిలోనైనా వేయగల ఎత్తులు 218కి మించవు, బైటులో 256 నంబర్లు పడతాయి. వాటిని వరసపెట్టి, వేసింది ఎన్నోదో రాసుకుంటే సరి. ఇరుపక్షాలూ చెరో 40 ఎత్తులు వేసిన ఆట 80 బైట్లే. ఏమంటారు?

ఒంగోలు బంటు: పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్నా. మొత్తం పీజీఎన్‌లో పెట్టినా రెండు ఎంబీలు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియో అంతకంటే బరువు. కాలేజీలో నేనూ ఈ పనే చేశా. తర్వాత ప్రోగ్రామ్ సర్దుతూ బంట్ల ఎత్తుల్ని గుర్రాల కంటే ముందుకు జరిపా. అంతే, పాత ఫైల్లో 7వ నంబరుకి అర్థం మారిపోయింది. ఏ ఆట తెరిచినా మూడో ఎత్తుకే మంత్రి బలి! పాత కోడ్ ఉన్న ల్యాప్‌టాప్ అప్పటికే తుక్కు కొట్టుకి పోయింది. పీజీఎన్ పుట్టింది 1993లో, ఇవాళ్టికీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు.

పెన్నా గట్టు: వరస రాసిపెట్టుకోకపోవడం నీ తప్పు బ్రదర్, పద్ధతిది కాదు. అసలు వరసే అక్కర్లేని దారుంది. గడులు 64, అంటే 6 బిట్లు (బైటుకి 8 బిట్లు). బయల్దేరిన గడికి 6, చేరిన గడికి 6, బంటు చివరి వరసకి చేరి ఏమైందో చెప్పడానికి 2. మొత్తం 14, రెండు బైట్లలో పడుతుంది. కోట కట్టడం కూడా రాజు రెండు గడులు జరగడంతోనే తెలిసిపోతుంది. లక్షల ఆటల్లో ఒక స్థితిని వెతికి చూడు, టెక్స్ట్ నత్తనడక నడుస్తుంది.

ఒంగోలు బంటు: లక్షలు ఎక్కడివి? ఆయనవి మూడు వేలు!

సంతపేట టీచర్: మీరెవరూ పిల్లల షీట్లు చూసినట్టు లేదు. తొమ్మిదేళ్ల పిల్లాడు గుర్రాన్ని ఒక గడికి తీసుకెళ్లి, పక్క గడి పేరు రాస్తాడు. చెల్లని ఎత్తుకి కావలి సార్ లెక్కలో నంబరే ఉండదు. పీజీఎన్‌లో అయితే అక్కడ ఆపి, పిల్లాడు రాసింది ఉన్నదున్నట్టు బ్రాకెట్లో వ్యాఖ్యగా పెడతాను. ఇంకోటి, పేర్లు తెలుగులో రాస్తే ఒక్కో గుర్తుకి (అక్షరం, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా) 3 బైట్లు. ‘నెల్లూరు’ అన్న మాటే 24. మీ ఆటంతా 80!

పెన్నా గట్టు: పేర్లు వేరే జాబితాలో ఒకసారి రాసుకుని నంబరు వాడొచ్చు మేడమ్. చెల్లని ఎత్తు మాట మాత్రం ఒప్పుకుంటున్నా.

కావలి గుర్రం: రాత్రి ఒక కట్ట తిరగేశా. టీచరు గారు చెప్పిందే నిజం, ఒక షీట్లో తెల్ల రాజు రెండుసార్లు కోట కట్టాడు. అసలు కాపీ పీజీఎన్‌లోనే ఉంచుతున్నా. ఒక బైటు సరదా ఫోన్ యాప్ వరకే, అదీ వరస కాగితం మీద రాసుకున్నాకే.