కొత్త వడ్లు మొలకెత్తడం లేదు: విత్తనం చచ్చిందా, నిద్రలో ఉందా?

ప్రశ్న (తణుకు దగ్గరి రైతు): దాళ్వా (రబీ) విత్తనం కోసమని సార్వాలో (ఖరీఫ్‌లో) అరెకరం ఎంటీయూ 1121 వరి రకం విడిగా వేసుకున్నాను. కోసి పది రోజులైంది. మూడు రోజులు ఎండబెట్టి గోనెల్లో పోశాను. నారు పోసే ముందు అనుమానం వచ్చి వంద గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి పెడితే, అయిదో రోజుకు పదకొండే మొలిచాయి. మిగతావి కుళ్లలేదు, అలాగే గట్టిగా ఉన్నాయి. యంత్రంతో కోయించినందుకు గింజ దెబ్బతిన్నదా? ఎండ ఎక్కువైందా? నారుమడి దమ్ము చేసి ఉంచాను. రెండెకరాలకు 50 కిలోలు కావాలి. బయట కొనమంటారా?

జవాబు (భీమవరం): అప్పుడే కొనకండి. కుళ్లలేదని మీరే రాశారు, సగం జవాబు అందులోనే ఉంది. చచ్చిన గింజ అయిదు రోజులు తడిలో ఉంటే మెత్తబడుతుంది, బూజు పడుతుంది. మీవి నిద్రావస్థలో ఉన్నట్టున్నాయి. తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఇరవై గింజలకు గోటితో పొట్టు వలవండి. కింది కొసన ఒక పక్కగా తెల్లటి చుక్కలా కనిపించేదే మొలక భాగం, దానికి గోరు తగలకూడదు. తడి గుడ్డలో పెట్టి నాలుగు రోజులు చూడండి. పొట్టు తీసినవి మొలిచి, తీయనివి మొలవకపోతే విత్తనం బతికే ఉన్నట్టు.

జవాబు (కర్నూలు): నేను సుబాబుల్ విత్తనాలు మరిగించి దించిన నీళ్లలో వేసి తీస్తే బ్రహ్మాండంగా మొలిచాయి. వడ్లకూ అదే చేయవచ్చు కదా?

భీమవరం: అయ్యా, వద్దు! సుబాబుల్‌కు పైతోలే గట్టి, నీరు లోపలికి దిగదు. వేడినీళ్లు ఆ తోలును సడలిస్తాయి. వడ్లు నీరు పీల్చుకుంటాయి, అయినా లేవవు. పొట్టు లోపలికి ప్రాణవాయువును సరిగా పోనివ్వదు, మొలకను ఆపే ఆబ్సిసిక్ ఆమ్లం వంటి పదార్థాలూ గింజలో ఇంకా తరగలేదు. వేడినీళ్లు పోస్తే మిగిలేది సగం ఉడికిన అన్నమే. విత్తనం మొలవలేదనగానే అన్నిటికీ ఒకే మందు చెప్పడం మనకు అలవాటైపోయింది.

తణుకు రైతు: ఇంత తలనొప్పి పెట్టే రకాలను అసలు ఎందుకు తయారుచేస్తారండీ?

భీమవరం: కోతల వేళ తుపాను వచ్చి పనలు నాలుగు రోజులు నీళ్లలో నానిన ఏడాది గుర్తుచేసుకోండి. నిద్ర లేని రకమైతే కంకి మీదే మొలకెత్తుతుంది. అందుకే మార్టేరు పరిశోధనా స్థానంలో కొత్త రకాలు రూపొందించేటప్పుడు ఈ గుణాన్ని కావాలనే చూస్తారు. రకాన్ని బట్టి రెండు మూడు వారాలు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ. పొడిగా నిల్వ ఉంచితే నిద్ర దానంతట అదే పోతుంది. మీకు ఆగే వ్యవధి లేదు కాబట్టి గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) నీళ్లలో కలిపి వాడాలి. నిద్ర తక్కువగా ఉంటే లీటరు నీటికి 6.3 మి.లీ., ఎక్కువగా ఉంటే 10 మి.లీ. కిలో విత్తనానికి లీటరు ద్రావణం. 24 గంటలు నానబెట్టి, మంచినీటితో బాగా కడిగి, మండె కట్టండి, అంటే తడి గోనెలో మూటగా చుట్టి మొలకెత్తనివ్వండి.

ఒక హెచ్చరిక. ముందు తొట్టిలో నీళ్లు పోసి, ఆమ్లాన్ని అందులోకి కొద్దికొద్దిగా వంచాలి. ఆమ్లం మీద నీళ్లు పోస్తే ముఖం మీదికి చిందుతుంది. ప్లాస్టిక్ తొట్టి వాడండి, ఇనుప డ్రమ్ము పనికిరాదు. చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. ఒకసారి నేను తొడుగులు లేకుండా సీసా మూత తీశాను, వేళ్లు పసుపురంగు తిరిగి చర్మం ఊడేదాకా ఆ మచ్చ పోలేదు. కొట్లో ఊరికే యాసిడ్ అని అడిగితే మరుగుదొడ్డి కడిగేది చేతిలో పెడతారు. అది వేరు. నత్రికామ్లం అని పేరు చెప్పి, సీసా మీద చదివి తీసుకోండి.

కర్నూలు: మా వేరుశనగలోనూ ఈ సమస్య ఉంది. గుత్తి రకాల్లో దాదాపు ఉండదు, తీగ రకాలే నెలల తరబడి లేవవు. వాటికి మేము ఎథ్రిల్ అనే హార్మోన్ మందు వాడతాం.

తణుకు రైతు (వారం తర్వాత): పొట్టు వలిచిన ఇరవైలో పదిహేడు మొలిచాయి, వలవనివి మూడు. మొత్తం ఒకేసారి నానబెట్టడానికి ధైర్యం చాలక 6.3 మి.లీ. లెక్కన ఒక్క కిలోకే చేసి చూశాను. మండె రెండో రోజు విప్పితే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి, గింజ గింజకూ తెల్లటి ముక్కు. వంద ఏరి లెక్కపెడితే ఎనభై ఆరు. మిగతా 49 కిలోలు ఈ సాయంత్రం వేస్తున్నాను, 310 మి.లీ. సరిపోతుంది కదా? తొట్టి మీద మూత పెట్టాలా?

భీమవరం: 310 సరిపోతుంది. మూత వద్దు, ఆరుబయట తెరిచే ఉంచండి. పిల్లలు, గొడ్లు అటు రాకుండా చూసుకోండి. కడిగిన నీళ్లు చేపల చెరువులోకి మాత్రం వదలకండి.