తరగతి గది ఫొటో పెట్టినందుకు షోకాజ్ నోటీసు: సంజాయిషీ ఎలా రాయాలి?

ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. గత నెల వానకు మూడో తరగతి గది కారింది. పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని గోడవార ఒదిగి కూర్చున్నారు. వెనుక నుంచి ఫొటో తీసి, "మరమ్మతు కోసం రెండుసార్లు రాశాం, ఎవరూ రాలేదు" అని ఫేస్‌బుక్‌లో పెట్టాను. పాఠశాల పేరు గానీ, అధికారుల పేర్లు గానీ రాయలేదు.

మర్నాడు ప్రధానోపాధ్యాయులు చెప్పగానే తీసేశాను. అప్పటికే స్క్రీన్‌షాట్ పైకి వెళ్లింది. పన్నెండో రోజున నోటీసు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళిని ఉల్లంఘించి ప్రభుత్వాన్ని విమర్శించానని అందులో ఉంది. 10 రోజుల గడువులో 4 రోజులే మిగిలాయి.

మండల విద్యాశాఖాధికారిని కలిస్తే రాతపూర్వకంగా ఇమ్మన్నారు. సంఘం నాయకులు తప్పయిందని రాసి వదిలించుకోమంటున్నారు. ఆ మాట రాయడానికి నాకు చేయి ఆడటం లేదు. రాసినదాంట్లో అబద్ధం లేదు. పైగా తప్పయిందని రాస్తే దాన్నే నేరాంగీకారంగా తీసుకుని సర్వీసు రిజిస్టరులో ఎక్కిస్తారేమోనని భయం. ఫేస్‌బుక్ పోస్టు కేసులోనే 2020లో త్రిపుర హైకోర్టు, ప్రభుత్వ ఉద్యోగికీ భావప్రకటన హక్కు ఉంటుందని చెప్పింది. దాన్ని ఇక్కడ ప్రస్తావిస్తే మేలో, కీడో తేల్చుకోలేకపోతున్నాను.

ఇలాంటి నోటీసుకు జవాబిచ్చినవారు దయచేసి చెప్పండి: క్షమాపణ కోరకుండా, మరమ్మతు లేఖల నకళ్లు జతచేసి "ఇది విమర్శ కాదు, జరిగిన విషయం" అని మాత్రమే రాస్తే, మీ విషయంలో చర్య ఆపేశారా?