క్లబ్బులు మారుతూ కెరీర్ గడిపిన ఫుట్‌బాల్ డిఫెండర్ పిల్లలకు మంచి కోచ్ అవుతాడా?

మూడో_స్టాండ్:
పెద్ద పేరు లేని, చాలా క్లబ్బులు మారిన డిఫెండర్ ఆట మానేశాక యూత్ కోచ్ అయితే క్లబ్‌కు లాభమా, నష్టమా? నా మనసులో ఉన్న ఉదాహరణ ఇంగ్లండ్ మాజీ డిఫెండర్, తర్వాత మేనేజర్ అయిన షాన్ డైచ్. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో కుర్రాడిగా చేరి ఫస్ట్ టీమ్‌కు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తర్వాత చెస్టర్‌ఫీల్డ్, బ్రిస్టల్ సిటీ, లోన్ మీద ల్యూటన్, మిల్‌వాల్, వాట్‌ఫర్డ్, నార్తాంప్టన్. 2007లో ఆట మానేసి వాట్‌ఫర్డ్‌లో అండర్-18 కోచ్ అయ్యాడు. 2011లో అక్కడే మేనేజర్, 2012లో బర్న్‌లీకి. ఆ క్లబ్‌ను రెండుసార్లు ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌కు తీసుకెళ్లి, 2017-18లో 7వ స్థానంలో నిలబెట్టాడు. ఇలాంటివాళ్లకు పిల్లల్ని అప్పగించడం మంచిదేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

స్టాపర్_బ్యాక్:
లాభమే, అనుమానం అక్కర్లేదు. చిన్న లీగుల్లో సెంటర్ బ్యాక్‌గా (గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్‌గా) ఆడి, ఇప్పుడు అండర్-14 పిల్లలకు కోచింగ్ ఇస్తున్నవాణ్ని కాబట్టి దగ్గర నుంచి చూసిందే చెప్తాను. పుట్టుకతో వేగం ఉన్న డిఫెండర్ తప్పు చోట నిలబడినా పరిగెత్తి సర్దుకుంటాడు. మాకు ఆ వీలు లేదు. అందుకే బంతి ఎవరి దగ్గరుందో అతని తల చూడటం అలవాటవుతుంది. మీద ఒత్తిడి ఉండి తల దించాడా, డిఫెండర్ల లైన్ మొత్తం రెండడుగులు ముందుకు జరగాలి. తీరిగ్గా తలెత్తి చూస్తున్నాడా, పాస్ రాకముందే వెనక్కి పరుగు మొదలుపెట్టాలి. వింగర్ (అంచు నుంచి దాడి చేసేవాడు) ఒంటరిగా మీదికొస్తే ఎదురొడ్డి నిలబడకూడదు. ఒక పక్కకు తిరిగి, చేయి చాచేంత దూరంలో ఉండి, అతనికి చేతకాని కాలి వైపు దారి వదలాలి. స్టార్లూ ఇవన్నీ చేస్తారు, కానీ ఎలా చేశారో విడమరిచి చెప్పమంటే చాలామందికి నోరు రాదు. పైగా మాకు క్లబ్ మారిన ప్రతిసారీ కొత్త కోచ్, కొత్త పద్ధతి, బెంచి మీద నుంచి మళ్లీ మొదలు. ఆ చదువు ఏ లైసెన్స్ కోర్సూ చెప్పదు. స్టార్ ఆటగాళ్లనే చూడండి. గ్యారీ నెవిల్ వాలెన్సియాలో కోచ్‌గా నాలుగు నెలలు నిలవలేదు. థియరీ ఆన్రీ 2018 అక్టోబరులో మొనాకో కోచ్ అయ్యి జనవరికల్లా బయటికొచ్చాడు. పేరుతో కోచింగ్ రాదు.

ఆఫ్‌సైడ్_ట్రాప్:
ఆ రెండూ సీనియర్ జట్లు కదండీ. అడిగింది పిల్లల గురించి.

ఎడంకాలు:
స్టాపర్ గారూ, మీరు రాసిందంతా మళ్లీ చదవండి. లైన్, వెనక్కి పరుగు, దారి వదలడం. గోల్ ఎలా ఆపాలన్నది తప్ప ఎలా కొట్టాలన్నది ఒక్క ముక్క లేదు. మా అబ్బాయి లెఫ్ట్ వింగర్. అండర్-12లో వాడికొచ్చిన కోచ్ అచ్చం మీరు చెప్పినలాంటి మాజీ డిఫెండరే. బంతి పట్టుకుని ఇద్దర్ని దాటబోయి పోగొట్టుకుంటే బెంచి. వెనక్కి పాస్ ఇస్తే చప్పట్లు. ఒక్క సీజన్ తిరిగేసరికి మా వాడు బంతి కాళ్ల దగ్గరికి రాగానే వెనక ఎవరున్నారా అని చూడటం మొదలుపెట్టాడు. పన్నెండేళ్లవాడికి మ్యాచ్ పోతుందన్న భయం దేనికి? కాంట్రాక్ట్ పోతుందన్న భయంతో జీవితమంతా ఆడినవాడు పిల్లలకు నేర్పేది ఆ భయమే.

రికార్డు_పుస్తకం:
ఈ వాదన నిలవదు. మాంచెస్టర్ యునైటెడ్ యూత్ కోచ్ ఎరిక్ హారిసన్ సంగతేంటి? హాలిఫాక్స్, హార్ట్‌ల్‌పూల్, బారో, సౌత్‌పోర్ట్, అన్నీ కింది డివిజన్ల క్లబ్బులే. అలాంటి డిఫెండర్ 1992లో ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) యూత్ కప్ గెలిచిన జట్టును తయారుచేశాడు. తర్వాత స్టార్లైన గిగ్స్, బెక్‌హామ్ ఆ జట్టులోనివాళ్లే. వింగర్ గిగ్స్‌కు బంతితో ముందుకెళ్లాలంటే భయం పట్టిందా?

ఎడంకాలు:
హారిసన్ డిఫెండర్ కాదు, వింగ్ హాఫ్. అంటే ఇప్పటి లెక్కలో మిడ్‌ఫీల్డర్.

రికార్డు_పుస్తకం:
ఆ కాలపు వింగ్ హాఫ్‌కు బంతి గెలుచుకోవడమే మొదటి పని. ఎదుటి ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌ను (సెంటర్ ఫార్వర్డ్ పక్కన ఆడేవాణ్ని) కాచుకోవాలి. సగం డిఫెండరే.

ఎడంకాలు:
సగం అని మీరే అన్నారు. మిగతా సగం పాసులిచ్చి దాడి కట్టడం. నేను అడిగేది కూడా ఆ సగం గురించే.

రికార్డు_పుస్తకం:
పాత జట్ల అమరిక తీసి చూడండి. ఇద్దరు ఫుల్ బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు. పేరులోనే బ్యాక్ ఉంది. తర్వాత మధ్యలో ఉన్న సెంటర్ హాఫ్ వెనక్కి జరిగి పూర్తి డిఫెండర్ అయ్యాడు. ఇంగ్లండ్‌లో పాతతరం వాళ్లు ఇప్పటికీ సెంటర్ బ్యాక్‌ను సెంటర్ హాఫ్ అనే అంటారు.

ఆఫ్‌సైడ్_ట్రాప్:
ఇక్కడ తేలాల్సింది 1960ల ఫార్మేషన్ కాదేమో.

కోచింగ్_డైరీ:
నేనెక్కడా ప్రొఫెషనల్‌గా ఆడలేదు. లైసెన్స్ తీసుకుని చాలా ఏళ్లుగా చిన్నపిల్లలతో పనిచేస్తున్నాను. మీరిద్దరూ కోచ్ ఏ పొజిషన్‌లో ఆడాడన్న దగ్గరే ఆగిపోయారు. జర్మన్ కోచ్ థామస్ టుకెల్ డిఫెండరే, కానీ మోకాలి దెబ్బతో 1998లోనే ఆట ఆగిపోయింది. స్టుట్‌గార్ట్‌లో పిల్లల జట్ల దగ్గర మొదలుపెట్టి 2005లో అండర్-19 టైటిల్, మళ్లీ 2009లో మైన్జ్ అండర్-19తో టైటిల్ గెలిచాకే సీనియర్ జట్టు చేతికొచ్చింది. ఇంకో జర్మన్ కోచ్ నాగెల్స్‌మన్ కూడా డిఫెండరే. ఇరవై ఏళ్లకే గాయాలతో మానేసి, హోఫెన్‌హైమ్ అండర్-19తో 2014లో ఛాంపియన్ అయ్యాడు, 28 ఏళ్లకు జర్మనీ టాప్ లీగ్ బుండెస్‌లీగాలో కోచ్ అయ్యాడు. వీళ్లను కోచ్‌లుగా నిలబెట్టింది పిల్లల మధ్య గడిపిన ఏళ్లు. పది క్లబ్బులు మారిన అనుభవం వాళ్లకెక్కడిది?

ఇంకో మాట. నేను వెళ్లిన ఒక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "ఎక్కడ ఆడారు?" అని. రెండో ప్రశ్న అడగనే లేదు. ఆ ఉద్యోగం అప్పుడే రిటైరైన ఒక మాజీ ఆటగాడికిచ్చారు. పదేళ్ల పిల్లలకు ఒకే డ్రిల్‌ను అరగంట సేపు లైనులో నిలబెట్టి చేయిస్తుంటే నేను కళ్లారా చూశాను. పన్నెండుమంది లైనులో ఉంటే ఒక్కో పిల్లకు బంతి దొరికేది ఎన్నిసార్లు?

స్టాపర్_బ్యాక్:
అమ్మా, మీకు ఉద్యోగం రాలేదన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ లైసెన్స్ మాకూ ఉంది. ఊరికే ఎవరూ అకాడమీలోకి రానివ్వరు. సెంటర్ ఫార్వర్డ్ మోచేయి పక్కటెముకల్లో తగిలినప్పుడు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో పుస్తకం చూసి చెప్పగలరా?

కోచింగ్_డైరీ:
పదేళ్ల పిల్లకు మోచేయి ఎందుకు తగలాలండీ? మీ తరం డిఫెండర్ల పనిలో పెద్ద భాగం హెడింగ్, అంటే బంతిని తలతో కొట్టడం. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూల్ వయసు పిల్లలకు ట్రైనింగ్‌లో హెడింగ్ చేయించవద్దని 2020లోనే ఎఫ్‌ఏ చెప్పింది. అమెరికాలో పదేళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకు 2015లోనే నిషేధించారు. బ్యాక్ పాస్‌ను గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్న రూల్ 1992లో వచ్చింది. 2019 నుంచి గోల్ కిక్‌ను పెనాల్టీ ఏరియా లోపలే డిఫెండర్ అందుకోవచ్చు. అంటే ఇప్పటి సెంటర్ బ్యాక్ తన గోల్ ముందు నిలబడి, ఇద్దరు మీదికి దూసుకొస్తుంటే పాస్ ఇవ్వాలి. మీరు ఆడినప్పుడు ఆ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టేవారు. మీరు చేయని పనిని నేర్పాల్సి వచ్చినప్పుడు మీకూ నాకూ తేడా ఏముంది?

మూడో_స్టాండ్:
గోల్ కిక్ పాయింట్ బాగుంది, నేను ఆలోచించలేదు. గార్డియోలా 2007లో బార్సిలోనా బి జట్టుకు, జిదాన్ 2014లో రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టియాకు కోచ్‌లయ్యారు. స్టార్లు కూడా కింది జట్ల దగ్గర మొదలుపెట్టినప్పుడు నిలబడ్డారు.

స్టాపర్_బ్యాక్:
తేడా ఉంది. తప్పు చేస్తే ఏమవుతుందో నాకు ఒంటితో తెలుసు. ఫార్వర్డ్ పది ఛాన్సులు పోగొట్టి ఒక గోల్ కొడితే హీరో. డిఫెండర్ తొంభై నిమిషాలు బాగా ఆడి ఒక్కసారి జారితే పేపర్లో అదే ఫొటో. ఎడంకాలు గారి అబ్బాయిని ఆ కోచ్ బెంచి మీద కూర్చోబెట్టాడంటే కారణం ఉండే ఉంటుంది. బంతి పోయాక వెనక్కి పరిగెత్తాడా? ఆ సంగతి మీరు రాయలేదు. ప్రతి తండ్రికీ కొడుకు గొప్ప ఆటగాడే. మాకు రోజూ కనపడేదే ఇది.

ఎడంకాలు:
మా అబ్బాయిని మీరు చూశారా? వాడి ఆట ఒక్క నిమిషమైనా చూశారా? చూడకుండా తీర్పు చెప్పేస్తున్నారు. మీ జాతి కోచ్‌లందరూ ఇంతే.

మూడో_స్టాండ్:
ఇద్దరూ కాస్త ఆగండి. "మీ జాతి" లాంటి మాటలు వద్దు.

ఎడంకాలు:
సరే, అసలు సంగతి చెప్తాను. బెంచి గొడవ కాదిది. మా వాడికి పద్నాలుగేళ్లప్పుడు ఆ కోచ్ పక్కకు పిలిచి, "నువ్వు ప్రొఫెషనల్ కాలేవు, చదువు చూసుకో" అన్నాడు. నాతో చెప్పలేదు, వాడితో చెప్పాడు. ఎందుకని అడిగితే, "నేను ఆ దారిలో వెళ్లొచ్చాను సార్, చివర ఏముందో నాకు తెలుసు" అన్నాడు. ఆ రాత్రి వాడు బూట్లు సంచిలోంచి తీయలేదు. అప్పటికి వాడి క్లాసులో అందరికన్నా పొట్టివాడు వాడే. తర్వాత పెరిగాడు. కానీ మళ్లీ ఆడలేదు. తన దారి చివర చీకటిగా ఉంది కాబట్టి మా వాడి దారీ అంతేనని ఎలా అంటాడు?

స్టాపర్_బ్యాక్:
ఇది మొదటే రాయాల్సింది. మీ అబ్బాయికి జరిగినదానికి బాధగా ఉంది. అయినా నా మాట మారదు. నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. ప్రతి క్లబ్‌లో "వచ్చే సీజన్ చూద్దాం" అనే అన్నారు. ఆరు నెలల కాంట్రాక్ట్, ట్రయల్, ఇంకో కొత్త అద్దె గది. ముప్పై దాటాక మోకాలు పోయింది. చేతిలో డిగ్రీ లేదు, ఆట తప్ప ఇంకో పని తెలియదు. అకాడమీల్లో చేరిన పిల్లల్లో అతి కొద్దిమందే ప్రొఫెషనల్ అవుతారని అందరికీ తెలుసు, పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పరు. పద్నాలుగేళ్లకు నాతో ఒక్కరు నిజం చెప్పి ఉంటే బావుండేది. అందుకే నేను చెప్తాను.

కోచింగ్_డైరీ:
పద్నాలుగేళ్లకు ఆ నిజం ఎవరికి తెలుసండీ? సెలక్షన్ ఏడాదిలో ముందు నెలల్లో పుట్టినవాళ్లే అకాడమీల్లో ఎక్కువగా ఉంటారని పరిశోధనలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. అంటే ఎంపికయ్యేది కొంతవరకు ఆట చూసి, కొంతవరకు ఎదిగిన ఒళ్లు చూసి. తర్వాత స్టార్ అయిన జేమీ వార్డీని షెఫీల్డ్ వెడ్నెస్‌డే క్లబ్ టీనేజీలో వదిలేసింది. ఇంకో స్టార్ గ్రీజ్‌మన్‌ను పొట్టిగా ఉన్నాడని ఫ్రాన్స్ క్లబ్బులు వద్దంటే స్పెయిన్ వెళ్లి రియల్ సోసియెదాద్‌లో చేరాడు. "చదువు వదలొద్దు" అని చెప్పడం కోచ్ బాధ్యత. "నువ్వు కాలేవు" అని చెప్పడానికి మాత్రం మీకున్న అనుభవం చాలదు.

స్టాపర్_బ్యాక్:
వార్డీ పేరు అందరూ చెప్తారు. ఆ ఏడాది వార్డీలాగే వదిలేసిన మిగతావాళ్ల పేర్లు చెప్పండి. చెప్పలేరు. నా డ్రెస్సింగ్ రూముల నిండా వాళ్లే ఉండేవాళ్లు.

రికార్డు_పుస్తకం:
హారిసన్ వింగ్ హాఫ్ అన్నది ఒప్పుకుంటాను కానీ యూత్ కోచ్‌గా ఆయన కఠినంగా ఉండేవాడన్నది కూడా ఆయన శిష్యులే చెప్పారు. మెత్తగా ఉంటేనే మంచి కోచ్ అన్నది రూల్ కాదు.

ఎడంకాలు:
కఠినంగా ఉండటం వేరు, తలుపు మూయడం వేరు. స్టాపర్ గారూ, ఒక్క ప్రశ్న. ఇప్పుడు మీ అండర్-14లో మా వాడిలాంటి పొట్టి వింగర్ ఉన్నాడనుకుందాం. వచ్చే మ్యాచ్‌లో వాడు ఇద్దర్ని దాటబోయి మీ సగంలో బంతి పోగొడతాడు, దానివల్ల గోల్ పడుతుంది. వాణ్ని ఉంచుతారా, తీసేస్తారా?

స్టాపర్_బ్యాక్:
ఎదుటివాళ్ల సగంలో పోగొడితే ఉంచుతాను. మన సగంలో అయితే ఒకసారి చెప్తాను, రెండోసారి తీస్తాను.

ఎడంకాలు:
మా అబ్బాయి కోచ్ కూడా ఇదే చెప్పాడు.

స్టాపర్_బ్యాక్:
అయితే ఆ విషయంలో అతను చేసింది సరైనదే. పద్నాలుగేళ్లప్పుడు మీ వాడితో మాట్లాడేటప్పుడు మాత్రం మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టాల్సింది. నేను అమ్మానాన్నలు లేకుండా ఆ మాట ఎత్తను.

ఎడంకాలు:
నేనుంటే ఆ మాట అననిచ్చేవాణ్ని కాదు.

స్టాపర్_బ్యాక్:
తెలుసండీ. మా నాన్న కూడా అననిచ్చేవాడు కాదు.